విద్యార్థి ఇంటికి రౌటర్ ఇప్పించే ముందు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టూ కార్మికుల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఇంటికో వైఫై ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో రద్దీ తప్పదు. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పిల్లల ఆన్‌లైన్ పాఠం మధ్యలో ఆగిపోవడానికి ఇదొక కారణం. కనుక దాతలు డ్యూయల్ బ్యాండు రౌటరే ఎంచుకోవాలని మా మనవి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. గోడ దాటితే మాత్రం బలహీనపడుతుంది, అందుకే చదువుకునే గదిలోనే పెట్టించాలి. అన్నిటికంటే ముందు ఆ ఇంట్లోని ఫోను 5 గిగాహెర్ట్జ్ పట్టుకుంటుందో లేదో చూడండి. చవక ఫోన్లు కొన్ని పట్టుకోవు.

పెట్టెమీద ‘ఏసీ1200’ చూసి మురిసిపోవద్దు. అది 300, 867 కలిపి గుండుగుత్తగా వేసిన లెక్క. ఇంటర్నెట్ వైరు పెట్టే పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే బయటి నుంచి అంతకుమించి రాదు. 40 ఎంబీపీఎస్ ప్లాను వాడే ఇంటికి అదీ చాలు. గిగాబిట్ పోర్టు కోసం ఎక్కువ పెట్టనక్కరలేదు.