నాలుగు తీగలకు రెండు స్వరాలు చాలు



చెక్కపెట్టెకు కర్ర బిగించి నువ్వు చేసిన గిటారు ఫొటో చూశాం. మీ అత్తయ్య పోపులపెట్టె అనుకుంది గానీ పని శుభ్రంగా ఉంది. ట్యూనింగ్ ఏది పెట్టాలో తేలక రోజుకొకటి మారుస్తున్నానని రాశావు. ముందు ఆ మార్చడం ఆపు. శ్రుతి మారినప్పుడల్లా వేళ్లు మళ్లీ ఓనమాల దగ్గరికొస్తాయి.

అమెరికాలో చుట్టల పెట్టెలతో ఇలాంటి గిటార్లు చేసేవాళ్లు ఎక్కువగా జి, డి, జి, బి పెడతారు. మామూలు గిటారు తీగల సెట్టులో 5, 4, 3, 2 తీసుకుని, అయిదోదాన్ని ఏ నుంచి జికి దించితే సరి. జిని షడ్జమం అనుకుంటే అవి స, ప, పై స, గ. ఏదీ నొక్కకుండా మీటినా మేజర్ కార్డు పలుకుతుంది. ఇంగ్లీషు పాటలకు అది హాయి. నువ్వేమో నానమ్మ పాడే తత్వాలు వాయించాలంటున్నావు. అక్కడ ఆ గ అడ్డొస్తుంది. అది అంతర గాంధారం. ఖరహరప్రియ, తోడి రాగాల్లో ఉండేది సాధారణ గాంధారం. నువ్వది పలికిస్తుంటే పక్కనే ఖాళీ తీగ అరస్వరం ఎక్కువగా మోగుతుంది. వినలేం.

కాబట్టి గాంధారం జోలికే పోకు. జి, డి, జి, డి పెట్టు, అంటే స, ప, స, ప. వీణ మీద వాయించే నాలుగు తంత్రులూ ఈ రెండు స్వరాలే, వరుస వేరు. హిందోళంలో పంచమం లేదు కదా అంటావేమో. తంబురా వాళ్లలాగే పంచమాన్ని మధ్యమానికి దించుకో. నీ డిలు రెండూ సి అవుతాయి.

నాలుగో తీగ దగ్గర మాత్రం జాగ్రత్త. బి తీగనే డి దాకా బిగించకు. మూడు అరస్వరాలే కదా అనిపిస్తుంది, బిగువు దాదాపు 40 శాతం పెరుగుతుంది. నీ కర్రలో ఉక్కు కడ్డీ లేదు, వంగిపోతుంది. తీగ తెగితే కంటికి ప్రమాదం. సెట్టులో అన్నిటికన్నా సన్నదైన ఇ తీగ వేసి డికి దించు. జి నీ గొంతుకు అందకపోతే నాలుగింటినీ ఒకే మేర దించు, ఎక్కించకు.

మెట్లు ఇంకా కొట్టలేదన్నావు, మంచిదే. నట్టు నుంచి బ్రిడ్జికి 24 అంగుళాలుంటే నట్టు నుంచి 6 దగ్గర, 8 దగ్గర, 12 దగ్గర పెన్సిలుతో గీతలు పెట్టు. స తీగ మీద అవి వరసగా మ, ప, పై స. శ్రుతి చూసుకోవడానికీ ఇవే. లావు తీగను 8 దగ్గర నొక్కితే రెండో తీగ స్వరం రావాలి. రెండోదాన్ని 6 దగ్గర నొక్కితే మూడోది, మూడోదాన్ని 8 దగ్గర నొక్కితే నాలుగోది. ఫోనులో యాప్ ఉంది, నిజమే. మొదటి తీగకు దాన్ని వాడుకో, మిగతా మూడూ చెవితోనే కలుపు.

హుమ్నాబాద్ పక్కన మాణిక్‌నగర్‌లో దత్త జయంతికి కచేరీలుంటాయి. ఈసారి రా, వెళదాం. పాట మొదలవక ముందే ముందు వరసలో కూర్చో. తంబురా బ్రిడ్జి మీద దారప్పోగు అటూ ఇటూ జరిపి తీగలో నాదం ఎలా తెప్పిస్తారో దగ్గరగా చూడు. గిటారు కూడా పట్టుకురా, అదనంగా రెండు సన్న తీగలు మరిచిపోకు. ఇక్కడ మా బీదర్ బజారులో వెంటనే దొరకవు.

ఇట్లు,
మీ మామయ్య