పలువురి అంచనా

సంస్థను నడిపేవారికి ధనం కంటే, యంత్రాల కంటే ముందుగా కావలసింది నిజం. అయితే చేదు నిజం కింది మెట్టు నుండి పై మెట్టుకు చేరేసరికి తీపి పూత పూసుకుంటుంది. చేపట్టిన పని గడువులోగా పూర్తికాదని ఉద్యోగికి తెలుసు. ఆ మాట చెబితే అధికారి ఆగ్రహిస్తాడేమోనని మౌనం వహిస్తాడు. ఈ మౌనాన్ని ఛేదించడానికి ఏర్పడిన ఉపాయాలలో ఒకటి ‘అంచనాల విపణి’.

దీని పద్ధతి సులభం. ‘పని గడువులోగా పూర్తవుతుందా?’ అనే ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అనే వాటాలను ఉద్యోగుల ముందుంచుతారు. వారు తమకు తోచినట్లు వాటిని కొంటారు, అమ్ముతారు. గడువునాడు నిజమైన వాటాకు 100 రూపాయలు లభిస్తాయి. తప్పిన వాటాకు ఏమీ దక్కదు. ‘అవును’ వాటా 30 రూపాయల ధర పలుకుతుంటే, పని పూర్తయ్యే అవకాశం నూటికి సుమారు 30 పాళ్ళని గ్రహించవచ్చు. ఆరంభ ధనాన్ని సంస్థే సమకూర్చినప్పుడు ఎవరూ సొంత సొమ్ము పోగొట్టుకోరు. ఇక్కడ హోదాకు విలువ లేదు, తెలిసినవారికే లాభం.

అమెరికాలోని హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థలో 1996-1999 సంవత్సరాల మధ్య కే-యుట్ చెన్, చార్లెస్ ప్లాట్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఈ విధానాన్ని పరీక్షించారు. కొద్దిమంది ఉద్యోగులు రాబోయే అమ్మకాలపై వాటాలు కొన్నారు. సంస్థ అధికారిక అంచనాలతో పోల్చదగిన 8 సందర్భాలలో 6 సార్లు ఈ విపణియే సత్యానికి చేరువగా నిలిచింది. ఆ దశకంలోనే ఆస్ట్రియాలోని సీమెన్స్ సంస్థలో మరో ప్రయోగం జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ పని సకాలంలో ముగుస్తుందని ప్రణాళికా పత్రాలు సూచిస్తుండగా, ముగియదని విపణి చెప్పింది. చివరకు విపణి మాటే నిజమైంది.

అయినా ఈ విధానం లోపరహితం కాదు. 2005లో గూగుల్ సంస్థ ప్రారంభించిన విపణిని పరిశీలించినవారు రెండు బలహీనతలను గుర్తించారు. ఉద్యోగులు తమ సంస్థ విషయంలో మితిమీరిన ఆశను కనబరిచారు. దగ్గరదగ్గరగా కూర్చునేవారి అంచనాలు ఒకే విధంగా ఉన్నాయి. పలువురి మాటకు విలువ రావాలంటే ఆ పలువురూ ఎవరికి వారుగా ఆలోచించాలి.

జూదం అనర్థదాయకమని విదురుడు ముందే హెచ్చరించాడు. ధృతరాష్ట్రుడు విన్నాడు గాని పాటించలేదు. విపణి ప్రతి ఉద్యోగినీ విదురునిగా మార్చగలదేమో గాని, ఏ అధికారినీ ధృతరాష్ట్రుడు కాకుండా ఆపలేదు. నిజం చెవిన పడే మార్గాన్ని శాస్త్రం చూపుతుంది. దానిని తలకెక్కించుకోవలసినది మాత్రం మనిషే.