ఏ వాచీ కావాలో తెలిసిన మనిషి

మంచి వస్తువు కావాలని కోరుకునేవారు లక్షలమంది ఉంటారు గాని, ఆ వస్తువు సరిగ్గా ఎలా ఉండాలో, అలాగే ఎందుకు ఉండాలో చెప్పగలిగినవారు అరుదు. వ్యక్తిత్వ వికాసం పేరిట అచ్చయ్యే పుస్తకాల్లో ఎక్కువ భాగం కోరికను పెంచుకోమనో చంపుకోమనో చెబుతాయి తప్ప, దానికి రూపురేఖలు దిద్దుకునే పద్ధతిని బోధించవు. ఈ విద్య బాగా పట్టుబడేది తనకు నచ్చిన తీరులో ఒక మెకానికల్ వాచీ చేయించుకోవడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించే సేకర్తకు.

మెకానికల్ వాచీ అంటే బ్యాటరీ అవసరం లేకుండా, కీ ఇచ్చినప్పుడు బిగుసుకున్న స్ప్రింగ్ మెల్లగా విచ్చుకుంటూ ఇచ్చే బలంతో నడిచేది; ఆ బలాన్ని ఒక్కసారిగా జారిపోనివ్వకుండా ఆపి ఆపి వదిలే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అని, అటూ ఇటూ ఊగుతూ దానికి లయ కట్టే చక్రాన్ని బ్యాలెన్స్ వీల్ అని అంటారు. అటువంటి యంత్రాన్ని ఒక మనిషి కోసమే చేయించడం దర్జీకి కొలతలిచ్చి షేర్వానీ కుట్టించుకోవడం వంటిది, అంటే కొలతలు ముందు తెలియాలి. అమెరికాలో కార్ల కంపెనీ స్థాపించిన జేమ్స్ వార్డ్ ప్యాకర్డ్ తన సొంత ఊరు వారెన్ మీద కనిపించే నక్షత్రాలు వాచీలో ఉండాలని పటెక్ ఫిలిప్ సంస్థను కోరి, 1927లో దాన్ని అందుకుని, మరుసటి ఏడే మరణించాడు. న్యూయార్క్ బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ 1925లో అదే సంస్థకు పురమాయించిన జేబు గడియారం 1933లో గాని చేతికి రాలేదు. సమయం చూపడానికి మించిన అదనపు విద్యలు, అంటే వాచీల పరిభాషలో కాంప్లికేషన్లు, అందులో 24 ఉన్నాయి. ఆ ఏళ్లన్నీ నిలబడిన కోరిక ఎంత స్పష్టంగా ఉండి ఉంటుందో పాఠకులు గమనించాలి.

హైదరాబాదులో సేకరణకు మారుపేరు మూడవ సాలార్ జంగ్. 1914లో హైదరాబాదు సంస్థానపు దివాన్ (ప్రధానమంత్రి) పదవి వదిలి, 1949లో మరణించేవరకు ఆయన పోగుచేసిన వస్తువులతో 1951లో మ్యూజియం వెలిసింది; కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన గడియారంలోని బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడాన్ని చూడటానికి జనం నేటికీ అక్కడ గుమిగూడతారు. అది విస్తారమైన సేకరణ, మహత్తరమైనది కూడా. అయితే సామాన్య ఉద్యోగికి అనుసరణీయమైనది గ్రేవ్స్ మార్గమే, ఎందుకంటే దానికి రాజభవనం అక్కరలేదు, ఒక్క వస్తువు మీద నిలిచే మనసు చాలు.

ఆ మనసును నిలిపే సాధనం ఒక కాగితం. ఆరో నిజాం అంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం పేరుతో స్థిరపడిన అబిడ్స్‌లో, కాగితం లేకుండా వాచీ షాపుల అద్దాల ముందు నిలబడినవారికి ప్రతి వాచీ తనదే అనిపిస్తుంది; 1938లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ప్రదర్శనకు వెళ్లి అక్కరలేనివి మోసుకొచ్చేవారి స్థితీ ఇదే. కాగితం మీద మూడు గడులు గీసి, ఏమి కావాలో మొదటిదానిలో, ఎందుకో రెండోదానిలో, ఆ కారణం ఎవరిదో మూడోదానిలో రాయాలి. డయల్ మీద తెలుగు అంకెలు కావాలనుకుంటే, అది అక్షరాభ్యాసం చేయించిన తాతగారి జ్ఞాపకమా, నలుగురు అడగాలన్న ఆరాటమా అన్నది మూడో గడిలో తేలిపోతుంది. ఇతరుల కళ్ల కోసం రాసిన పంక్తిని నిర్దాక్షిణ్యంగా కొట్టివేయాలి. ఈ దిద్దుబాటుకు ఆదివారమే తగిన రోజు, ఎందుకంటే ఆనాడు అబిడ్స్‌లో చాలా దుకాణాలు మూసి ఉండి, వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆశపెట్టే అద్దం లేని చోట మనిషి తన మాట తాను వినగలుగుతాడు. కాగితం లేనప్పుడు ఆ అద్దాల ముందు మనసు ఎంత చెదురుతుందో సొంతంగా ఎరిగినందువల్లనే ఈ వ్యాసకర్తకు ఈ అలవాటు మీద ఇంత పట్టుదల. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే నిర్ణయించుకున్న సంకల్పం నెరవేరే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు కూడా సూచిస్తాయి.

వాయిదాల మీద వాచీ కొని, ఆరునెలలు తిరగకముందే మరొకదాని వెంటపడే యువకులకు ఒక మాట కఠినంగానే చెప్పాలి: అది అభిరుచి అనిపించుకోదు, ఎవరో రాసిన ప్రకటనకు చేసే ఊడిగం అది. కాని ఆ వేగమే కాగితం మీదికి మళ్లితే, వారిలో ప్రతి ఒక్కరూ సేకర్త కాగలరు. అందుకు జీతం పెరిగేదాకా ఆగనక్కరలేదు, పెన్ను చాలు.

మిగిలిన సూచనలు క్లుప్తమైనవి. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వడం అలవాటు కావడానికి ముందుగా ఒక పాత హెచ్‌ఎంటీ జనతా ధరించాలి. డబ్బు విడి ఖాతాలో కూడబెట్టాలి. అప్పు చేయకూడదు. ఇంట్లోవారికి ధర దాచకూడదు. పురమాయించే ముందు కాగితాన్ని నమ్మకమైన వాచీ రిపేరు నిపుణుడికి చూపించి, అటువంటి యంత్రాన్ని విప్పి శుభ్రం చేయగలడా, విడిభాగం విరిగితే ఎక్కడినుంచి తెప్పించాలి అని అడిగి, అతడు చెప్పిన జవాబును నాలుగో గడి గీసి అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం బయానా ఇవ్వకూడదు.