బద్ధకం అనేముందు రక్తం చూపించండి

నాట్లేసిన మూడు నాలుగు వారాలకి వరి గిడసబారి, ఆకుల మీద తుప్పు మచ్చలు పడితే గోదావరి రైతు చేనుని తిట్టడు. జింకు తక్కువైందని పోల్చుకుని, లీటరు నీళ్లకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తాడు. అదే ఇంట్లో కోడలు పొద్దున్నే లేవలేక, దేనిమీదా మనసు నిలవక, ఊరికే చిరాకు పడుతుంటే మాత్రం ‘బద్ధకం’ అని తేల్చేస్తారు.

వ్యక్తిత్వ వికాసం చెప్పే మేమూ తక్కువేం కాదు లెండి. సంకల్పబలం పెంచుకోమని గంటసేపు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని బండెక్కుతాం.

కానీ హుషారుని, మనసుని నడిపే డోపమైన్, సెరటోనిన్ మెదడులో తయారవ్వాలంటే ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరిదీ ఇనుము లోపమే కాదు గానీ, ఎక్కువగా కనిపించేది అదే. అయోడిన్ చాలక థైరాయిడ్ మందగించినా మనిషి దిగులుగానే ఉంటాడు. అందుకే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. గర్భం లేని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే.

కోటా బియ్యంలో నూటికొకటి చొప్పున కలుపుతూ వచ్చిన పోషకాల గింజల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. వాటినే ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేస్తున్నారు! కనిపిస్తే ఏరకండి. చోడిపిండి, తోటకూర, చిన్న చేపలు పళ్లెంలోకి రానివ్వండి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి. భోజనమవ్వగానే టీ తాగే అలవాటుంటే గంటైనా ఆగండి, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. డీఏపీలో కలిపి జింకు చల్లకూడదని రైతుకి తెలుసు కదా, ఇదీ అంతే.

అలాగని ఇనుము బిళ్లలు కొనుక్కుని సైకియాట్రిస్టు మందులు మానేస్తే ప్రమాదం. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ ఫోను లైను, డబ్బులక్కర్లేదు.

సైకియాట్రిస్టు మందుల్లో ఒకటైన లిథియం కూడా ఖనిజమే. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఉన్మాదానికి పనిచేస్తుందని చూపించిన మందు. అది వాడేవాళ్లు రోహిణీకార్తెలో జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నీళ్లు బాగా తాగండి, ఉప్పు ఒక్కసారిగా మానకండి. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడకలో తూలినా ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.