మేఘములలో మన అక్షరము

ఈ సంవత్సరము మన కళాశాల వార్షిక సంచికలో పాత వ్యాసములు కొన్నింటిని తిరిగి ప్రకటింపవలెనని తలచి, మేము అలమారులోని సీడీ ఒకదానిని తీసి కంప్యూటరులో పెట్టి చూచితిమి. ఫైళ్ళు తెరచుకొన్నవి. కాని వానిలో తెలుగు లేదు, ఉర్దూ లేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా కనిపించినవి. నాడు అచ్చు కూర్చినవారు వాడిన ఫాంటు నేటి యంత్రమున లేకపోవుటయే దీనికి కారణము. అదృష్టవశమున గ్రంథాలయమున అచ్చుప్రతి యొకటి మిగిలియున్నది. కాగితము నిలిచినది, ఫైలు నిలువలేదు.

ఈ చిన్న అనుభవము మమ్ము ఆలోచింపజేసినది. నేడు విద్యార్థి వ్రాయునది చాలవరకు సెల్‌ఫోనులోనికి, అచ్చటినుండి ‘క్లౌడు’ అనబడు చోటికి పోవుచున్నది. ఆ చోటు ఎట్టిది? అది ఎట్లు పుట్టినది? అందు మన అక్షరము భద్రముగా నుండవలెనన్న మనమేమి చేయవలెను? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఒక యంత్రము - పలు యంత్రములు

1960 ప్రాంతమున కంప్యూటరు ఒక గదినంతటిని ఆక్రమించునట్టి, మిక్కిలి ఖరీదైన యంత్రము. దాని ముందు కూర్చున్న మనుష్యుడు ఆలోచించుచున్నంతసేపు అది ఊరక యుండవలసి వచ్చెడిది. ఈ వృథాను నివారించుటకై అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1961లో యంత్ర కాలమును పలువురికి పంచు పద్ధతిని ప్రదర్శించిరి. తరువాత ఐ.బి.ఎం. సంస్థవారు మరియొక అడుగు ముందుకు వేసి, ప్రతి వినియోగదారునికి యంత్రమంతయు తనదే యనిపించు ఏర్పాటును సాధించిరి. 1972లో వారు ప్రకటించిన వీ.ఎం. 370 ఈ మార్గమున ప్రసిద్ధమైనది. దీనినే వర్చువలైజేషన్ అందురు.

మన పట్టణములలో ఒకే భవనమున ఉదయము ఉర్దూ మాధ్యమ పాఠశాల, మధ్యాహ్నము తెలుగు మాధ్యమ పాఠశాల జరుగుట మనమెరిగినదే. గోడలు ఒక్కటే, బల్లలు ఒక్కటే. కాని ప్రతి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు వేరు, హాజరు పట్టిక వేరు. ఒక పాఠశాల లెక్క మరియొకదానికి తెలియదు. వర్చువలైజేషనులోని భావమును ఇట్లే గ్రహింపవచ్చును. పాఠశాలలు పూటకొకమారు మారును. యంత్రమున ఈ మార్పు సెకనులో అనేకమారులు జరుగును. ఈ పంపకమును నిర్వహించు ప్రోగ్రాముకు హైపర్‌వైజర్ అని పేరు.

చిన్న కంప్యూటర్లలోని చిప్పులు మొదట ఈ పనికి అనువుగా లేకుండెను. 1999లో వీఎంవేర్ సంస్థ ప్రోగ్రాము నేర్పుతో ఆ కొరతను దాటినది. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు తమ చిప్పులలోనే అందుకు తగిన సదుపాయమును కల్పించినవి.

మేఘము ఆకాశమున లేదు

టెలిఫోను వలె గణనశక్తి కూడ ప్రజలకందు సదుపాయము కాగలదని జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు 1961లోనే ఊహించెను. ఆ ఊహ ఫలించుటకు నలువది యైదేండ్లు పట్టినది. 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ఫైళ్ళు దాచుకొను చోటును, ఆగస్టులో వర్చువల్ యంత్రములను అద్దెకిచ్చుట ప్రారంభించెను. కరెంటు మీటరు వలె వాడినంతకే వెల. అవసరమున్నప్పుడు పది యంత్రములు, లేనప్పుడు ఒకటి. వర్చువలైజేషన్ లేనిచో ఇట్టి క్లౌడు వ్యాపారము ఈ రూపమున విస్తరించియుండెడిది కాదు.

ఇందు మూడు తరగతులు కలవు. యంత్రమును మాత్రమే తీసికొనుట ఖాళీ యింటిని అద్దెకు తీసికొనుట వంటిది. ప్రోగ్రాములు వ్రాసి నడపుటకు సిద్ధమైన వేదికను తీసికొనుట పొయ్యి, పాత్రలు గల యింటిని తీసికొనుట వంటిది. ఈమెయిలు వంటి సేవను వాడుకొనుట హోటలులో భోజనము చేయుట వంటిది. సౌకర్యము పెరిగినకొలది మన స్వాధీనము తగ్గును.

మేఘమనగానే అది ఎక్కడో గాలిలో నున్నదని భ్రమపడరాదు. అది నేలమీది కట్టడము. విద్యుత్తు, చల్లదనము, కావలి దానికి అవసరములు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ మన హైదరాబాదు ప్రాంతముననే ఇట్టి కేంద్రముల సముదాయమును ప్రారంభించినది. నేలమీది కట్టడములకు వచ్చు ఆపదలు వీనికిని వచ్చును. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. సంస్థ డేటా కేంద్రమొకటి అగ్నికి ఆహుతియైనది. వేరొకచోట ప్రతి నుంచుకొనని వారు తమ సమాచారమును శాశ్వతముగా పోగొట్టుకొనిరి.

చేతిలోని యంత్రము - లిపి సమస్య

2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వెలువడిన పిమ్మట క్లౌడునకు ద్వారము మన జేబులోనికే వచ్చినది. కంప్యూటరు కొనలేని యింటి బాలిక కూడ ఫోనులో పాఠము చదువుకొనుట సామాన్య విషయము కాదు. కాని ఆ పాఠము ఏ లిపిలో నున్నది?

ప్రతి అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్యను నిర్ణయించునది యూనికోడ్. 1991 నాటి దాని తొలి రూపమునందే తెలుగునకు స్థానము లభించినది. ఉర్దూ అక్షరములు అరబీ లిపి విభాగమున చేరినవి. సంఖ్య లభించినంత మాత్రమున అక్షరము సరిగా కనిపింపదు. ఏటవాలుగా దిగు నస్తాలీక్ వ్రాతలో ఉర్దూ ఐఫోనునందు కనిపించుటకు 2017 వరకు వేచియుండవలసి వచ్చినది. 2018 ఫిబ్రవరిలో మరియొక వింత జరిగినది. జ, ఞ ల సంయుక్తమునకు కంటికి కనిపించని సంకేతమొకటియు, దీర్ఘమును చేరిన తెలుగు అక్షరమును ప్రదర్శింపబోయి ఐఫోను ప్రోగ్రాములు ఆగిపోయినవి. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును నిలిపివేసినది! ఆ నెలలోనే ఆపిల్ సంస్థ దానిని సవరించినది. కాని మన లిపులను క్షుణ్ణముగా ఎరిగి పరీక్షించువారు యంత్ర నిర్మాణమున ఎంత అవసరమో ఆ సంఘటన చాటినది. ఆ స్థానములు మన విద్యార్థులకై వేచియున్నవని మేము నమ్ముచున్నాము.

మన కర్తవ్యము

విద్యార్థులారా! వ్రాయునదేదైనను యూనికోడ్‌లో వ్రాయుడు. ముఖ్యమైన ప్రతి రచనకు మూడు ప్రతులుంచుడు: ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి క్లౌడులో. ఫోను పోయిన దినమున విలపించుటకంటె నేడు పది నిమిషములు వెచ్చించుట మేలు. ఏ సేవలో చేరబోయినను, మన ఫైళ్ళను తిరిగి తీసికొని పోవు మార్గము కలదా యని ముందుగా విచారింపుడు. వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఒకే కంప్యూటరులో రెండవ యంత్రమును సృష్టించి చూడుడు. అది చెడినను అసలు యంత్రమునకు సాధారణముగా హాని కలుగదు కావున నిర్భయముగా నేర్చుకొనవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపములు రెండు. కళాశాల క్లౌడు ఖాతా ఏ యొక్క ఉద్యోగి పేరనో గాక కళాశాల పేరననే యుండవలెను. ఉద్యోగి మారినపుడు తాళపుచెవి అతనితో వెడలిపోరాదు. ఇక ఈ సంచిక అచ్చయిన వెంటనే దాని ఉర్దూ, తెలుగు భాగములను యూనికోడ్‌లో భద్రపరచి, అచ్చుప్రతులు రెండింటిని గ్రంథాలయమున నుంచవలెను.

ఇరువది యేండ్ల తరువాత మన స్థానమున నిలుచు అధ్యాపకుడు ఈ సంచిక ఫైలును తెరచినపుడు, చుక్కలును గీతలును గాక నేటి విద్యార్థుల మాటలే అతనికి కనిపించుగాక.