రీలు మార్చే రెండు నిమిషాలు

దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు డేరా టాకీసుల్లో ఆపరేటరుగా మొదలుపెట్టాను. తర్వాత పక్కా హాల్లో మిషను నడిపాను. ముప్పై ఏళ్లకు పైగా గోడకున్న ఆ చిన్న కంతలోంచి తెరనూ చూశాను, జనాన్నీ చూశాను. ఇప్పుడు మా వైపు పిల్లలు ఫోన్లతో షార్ట్ ఫిలింలు తీసి, ‘ఎట్లా ఉంది తాతా?’ అని తెచ్చి చూపిస్తున్నారు. వాళ్ల కోసమే ఇది.

1. చాలాసేపు తెర మీద ఏమీ ఉండదు.

సెకనుకు 24 బొమ్మలు. ఒక్కోటి మిషను గేటులో క్షణం ఆగి కిందికి జరుగుతుంది. జరిగేటప్పుడు షట్టరు వెలుతురును మూసేస్తుంది. అలా లెక్కేస్తే రెండున్నర గంటల సినిమాలో గంటకు పైగా జనం కూర్చునేది చీకట్లోనే. ఎవరికీ తెలియదు. షట్టరు కాస్త తేడా వస్తే మాత్రం అక్షరాలకు తోకలు మొలిచేవి, కేకలు మొదలయ్యేవి. అప్పటిదాకా ఆ చీకటిని నింపుతున్నది వాళ్ల మనసే.

2. పోయిన మాట జనం దగ్గర ఉంటుంది.

అన్ని ఊళ్లూ తిరిగి తిరిగి అరిగిపోయాక ప్రింటు మాకొచ్చేది. తెగినచోట బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు రాసి అతికేవాణ్ణి. అడుగున్నర ఫిలిం పోతే ఒక సెకను పోయినట్టే. 1963 నాటి ‘లవకుశ’ను పర్ణశాలకు దగ్గర్లో ఆడించినప్పుడు, లక్ష్మణుడు సీతమ్మను అడవిలో వదిలి వెళ్లే ఘట్టంలో నా అతుకు దగ్గర మాట ఎగిరిపోయింది. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ మాట వాళ్లే అనేశారు, ఏడుస్తూనే. తెర మీది అడవి వాళ్లకు సెట్టింగు కాదు. పొద్దున కట్టెలకు వెళ్లొచ్చిన అడవే.

3. వరస తప్పినా మనసు వరస కడుతుంది.

డేరాలో మిషను ఒక్కటే. రీలు మార్చాలంటే లైట్లు వెయ్యాలి, రెండు నిమిషాలు పడుతుంది. ఒక రాత్రి ఆరో రీలుకు ముందు ఏడో రీలు ఎక్కించాను. ఏడులో చనిపోయిన మనిషి ఆరులో లేచి పొలం దున్నుతున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గొడవైపోతుందనుకుంటూ లైట్లు వేశాను. ముందు వరసలో ఒక రైతు పక్కవాడికి నెమ్మదిగా చెబుతున్నాడు: ‘చచ్చినోణ్ణి తలుచుకుంటోందిరా వాడి పెళ్లాం.’

చాలా ఏళ్ల తర్వాత చదివాను. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికి చూపించాడట. చూసినవాళ్లు ఇక్కడ ఆకలి బాగా నటించాడు, అక్కడ దుఃఖం బాగా నటించాడు అన్నారట. ముఖం మాత్రం మారలేదు. మా రైతు చేసిందీ అదే. దర్శకుడు రెండు ముక్కలు పక్కపక్కన పెడతాడు. వాటి మధ్య కథ కట్టేది చూసేవాడు.

4. రోజూ చూసేదాన్నే మళ్లీ చూపించాలి.

1973లో బాపు ‘అందాల రాముడు’ వచ్చింది, గోదారి మీద భద్రాచలం కల్యాణానికి వచ్చే పడవ కథ. రోజూ తెడ్డు వేసే పడవవాళ్లు పాపికొండలు తెర మీదికి రాగానే చుట్టలు ఆర్పి, ఊపిరి బిగబట్టి చూశారు.

5. నింపుకునే మనసు విషాన్నీ నింపుకుంటుంది.

ఇది రాయడం నాకు కష్టం. ఆ రోజుల్లో హీరో మారువేషం వెయ్యాలంటే నెత్తిన ఈకలు, మెడలో పూసలు, సోది చెప్పే కోయదొర. అడవి పాటంటే ఆకుల లంగాలు, అర్థం లేని కేకలు. హాస్టలు పిల్లలు, నిజమైన కోయ పిల్లలు, నేల మీద కూర్చుని అందరితోపాటు నవ్వేవారు. మర్నాడు సంతలో తండ్రితో ఇప్పపువ్వు అమ్ముకోవడానికి వచ్చిన ఒక పిల్లాడి వెంట ఊరి పిల్లలు పడ్డారు, సినిమాలో కేకే వేస్తూ. వాడు తండ్రి కోయలో అడిగినదానికి తెలుగులో జవాబు చెప్పాడు, తల దించుకుని. కోయలంటే ఎవరో ఎరగని ఊళ్లలో ఆ ఖాళీని సినిమా ఈకలతో నింపింది. ఆ కేకను మా సంతకు మోసుకొచ్చింది నా మిషను. చీకట్లో కూర్చున్నవాడు దేన్నీ ఆపలేడు నాయనా, లోపలికి రానిస్తాడు. తీసేవాడే ముందు ఆలోచించాలి.

6. కదలని బొమ్మ చాలు.

ఆ కోయల్లోనే డోలి కోయలు పడిగె విప్పుతారు. పొడవాటి త్రికోణపు గుడ్డ, దాని మీద పూర్వీకుల బొమ్మలు. డోలి వాద్యం మోగుతుంటే వంశం కథ పాడతారు. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు అలా సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గుడ్డ మీద బొమ్మలు కదలవు. వినేవాళ్ల కళ్లు కదులుతుంటాయి.

మొన్న ఒక కోయ కుర్రాడు తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుతున్న తన నానమ్మను తీసి తెచ్చాడు. ఆమె మాట ఆపగానే బొమ్మ ఆగిపోయింది.

‘ఎందుకు కోశావురా?’

‘ఇంకేం మాట్లాడలేదు తాతా.’

‘మరేం చేసింది?’

‘చెట్టుపైకి చూసింది.’

ఆ ముక్క ఇంకా ఫోనులో ఉందో లేదో చూడమన్నాను. వెతికి తీశాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని చూశాం. ముసలామె తల ఎత్తి చూస్తోంది. ఎంతసేపటికో ఒక పువ్వు ఆమె భుజం పక్కనుంచి రాలింది.