ట్రాక్టరు ఆయిలు కారుతుంటే

పొలం దున్నాలంటే ట్రాక్టరు. దమ్ము చేయాలంటే ట్రాక్టరు. ధాన్యం బస్తాలు మిల్లుకు చేరాలంటే ట్రాక్టరు. కొందరికి సొంత ట్రాక్టరు ఉంటుంది. చాలామంది అద్దెకు పిలుచుకుంటారు.

పాత ట్రాక్టర్లు కొన్ని ఆగిన చోటల్లా నేల మీద ఆయిలు మరక వదులుతాయి. "పాత బండి, కారక ఏం చేస్తుంది? ఇంకో లీటరు పోస్తే సరి" అంటాడు డ్రైవరు. అలా పోస్తూ పోతే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

ఆయిలు సీలు అంటే ఏమిటి?

ఇంజనుకూ చక్రాలకూ మధ్య గేర్‌బాక్సు ఉంటుంది. అది ఇనుప పెట్టె. అందులో పళ్ళ చక్రాలు ఒకదాన్ని ఒకటి తిప్పుతుంటాయి. అవి అరిగిపోకుండా, వేడెక్కకుండా పెట్టెలో ఆయిలు పోస్తారు.

ఇరుసు పెట్టెలోంచి బయటికి రావాలి. తిరుగుతూ ఉండాలి. ఆయిలు మాత్రం బయటికి రాకూడదు. ఈ పని చేసేదే ఆయిలు సీలు.

సీలు గాజులాగా గుండ్రంగా ఉంటుంది. బయట ఇనుప రేకు, లోపల రబ్బరు. ఆ రబ్బరుకు పల్చని అంచు ఉంటుంది. అంచు చుట్టూ సన్నని స్ప్రింగు ఉంటుంది. అది అంచును ఇరుసుకు ఆనించి పట్టుకుంటుంది. అందువల్ల లోపలి ఆయిలు లోపలే ఉంటుంది. బయటి దుమ్ము బయటే ఆగుతుంది. కారులో, జీపులో, లారీలో కూడా ఇలాంటి సీళ్ళే ఉంటాయి.

ఏళ్ళు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది. దమ్ములో బురద అంచును గీరుతుంది. గడ్డి, తీగ ఇరుసుకు చుట్టుకుని కోసేస్తాయి. అప్పుడు ఆయిలు కారుతుంది.

ఎక్కడ కారుతోంది?

ముందు ఇది చూడాలి. కారే చోటును బట్టి ప్రమాదం తెలుస్తుంది.

వెనక చక్రం దగ్గర కారితే బ్రేకుకు ముప్పు. చాలా పాత ట్రాక్టర్లలో బ్రేకులు పొడిగా ఉంటేనే పట్టుకుంటాయి. ఆయిలు తగిలితే జారిపోతాయి. ఒక వైపు బ్రేకు పట్టి, రెండో వైపు పట్టకపోతే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కారితే క్లచ్చికి ముప్పు. క్లచ్చి జారితే ఇంజను అరుస్తుంది గాని బండి లాగదు.

నూర్పిడి మిషనును తిప్పే వెనక షాఫ్టు దగ్గర కూడా కారవచ్చు. అక్కడ కారితే బ్రేకు పోదు. కాని పెట్టెలో ఆయిలు తగ్గిపోతుంది. ఆయిలు తగ్గితే పళ్ళ చక్రాలు అరిగిపోతాయి.

ట్రాలీ సరుకు కోసం. అందులో మనుషులను ఎక్కించకూడదు. అది చట్టం. అయినా నాట్లకూ కోతలకూ పోయే ఆడవాళ్ళు అందులోనే పోతున్నారు. కాలవ గట్టు దిగేటప్పుడు ఆ బ్రేకే పట్టకపోతే? చక్రం దగ్గర ఆయిలు మరక కనిపిస్తే "ఈ బండి ఎక్కం" అనాలి. అది గొడవ పెట్టుకోవడం కాదు. ప్రాణం కాపాడుకోవడం.

చుక్కల లెక్క

నిమిషానికి ఒక చుక్క కారుతోంది అనుకుందాం. గంటకు 60 చుక్కలు. రోజుకు 1440 చుక్కలు. సుమారు 20 చుక్కలు కలిస్తే 1 మిల్లీలీటరు. అంటే రోజుకు 72 మిల్లీలీటర్లు. 30 రోజులకు 2160 మిల్లీలీటర్లు. రెండు లీటర్ల పైమాటే! ఆ ఆయిలు ఖరీదు ఎంతో, కొత్త సీలు ఖరీదు ఎంతో దుకాణంలో అడగండి. రెండూ పక్కపక్కన రాసి చూడండి.

సీలు మార్చే ముందు

సీలు ఒక్కటే మారిస్తే ఒక్కోసారి మళ్ళీ కారుతుంది. అందుకని ముందు ఇవి చూడాలి.

1. గేర్‌బాక్సులో గాలి పోవడానికి చిన్న దారి ఉంటుంది. దాన్ని బ్రీదరు అంటారు. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి ఆయిలును సీలు మీదికి తోస్తుంది.

2. ఆయిలు గుర్తు దాటి పోశారేమో చూడాలి. బండిని చదునైన చోట ఆపి చూడాలి.

3. ఆయిలు రంగు చూడాలి. పాలు కలిపిన టీలాగా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయన్నమాట. ఆ ఆయిలు అంతా తీసేయాలి.

4. ఇరుసు మీద గోరుతో గీరి చూడాలి. గాడి తగిలితే కొత్త సీలు కూడా నిలవదు. ఇరుసు బాగు చేయించాలి. బేరింగు వదులైతే అది కూడా మార్చాలి.

మూడు అంకెలు

సీలు మీద మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 35 – 52 – 7. ఇవి మిల్లీమీటర్లు. 35 అంటే సీలులో దూరే ఇరుసు మందం. 52 అంటే సీలు బయటి కొలత. 7 అంటే సీలు వెడల్పు. పాత సీలు మీద ఏ అంకెలు ఉన్నాయో, కొత్తదాని మీద అవే ఉండాలి. చేతిలో పెట్టుకుని "ఇది సరిపోతుందిలే" అంటే ఒప్పుకోకూడదు.

అంకెలు నేర్చుకున్న మనిషి అడిగే తీరే వేరు.

"తమ్ముడూ, పాత సీలు ఇలా ఇవ్వు."

"అది చెత్త అమ్మా, నీకెందుకు?"

"అంకెలు చూసుకుంటాను. దీని మీద 52 ఉంది. నువ్వు తెచ్చినదాని మీద 50 ఉంది. మార్చుకుని రా."

ఎలా మారుస్తారు?

ఈ పని మెకానిక్కుది. కాని పక్కన నిలబడి చూడటం ఇంటివారి పని.

బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు. కింద గట్టి దిమ్మలు పెట్టాలి. ఆయిలును తొట్టిలోకి దించాలి. పాత సీలును ఇరుసు గీసుకుపోకుండా తీయాలి. సీలు కూర్చునే చోటు శుభ్రంగా తుడవాలి.

కొత్త సీలు అంచుకు కొంచెం ఆయిలు రాయాలి. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, ఆయిలు వైపుకు ఉండాలి. తిరగేసి పెడితే మొదటి రోజే కారుతుంది. ఒక పక్క సుత్తితో కొడితే సీలు వంకరపోతుంది. చుట్టూ సమానంగా, మెల్లగా దించాలి.

ఆయిలు తాగిన బ్రేకు లైనింగును తుడిచి మళ్ళీ వేయకూడదు. మార్చాలి. క్లచ్చి ప్లేటు మార్చడానికి బండిని విప్పినప్పుడే అక్కడి సీళ్ళు కూడా మార్చుకుంటే రెండోసారి కూలి తప్పుతుంది.

పాత ఆయిలును కాలవలో పోయకూడదు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవాళ్ళకు ఇవ్వాలి.

సీలు చిన్నదే. దాన్ని నమ్ముకున్నవి మాత్రం పెద్దవి. గేర్‌బాక్సు, బ్రేకు, వెనక ట్రాలీలో కూర్చున్న మనుషులు.

చర్చించండి

1. మీ ఊరి ట్రాక్టరు ఆగిన చోట మరక ఉందా? ఎక్కడ కారుతోంది?
2. వెనక చక్రం దగ్గర ఆయిలు కారితే ఏం జరుగుతుంది?
3. నిమిషానికి రెండు చుక్కలు కారితే రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు పోతాయి? లెక్క కట్టండి.
4. 40 – 62 – 8 అని ఉన్న సీలులో ఇరుసు మందం ఎంత?